మొదటి రొట్టెలో సగం

గుడ్డును వెలుగుకి పట్టి చూడకుండా గిన్నెలో కొట్టిన పాపాన నేనెప్పుడూ పోలేదు. పిండి బస్తా వస్తే వాళ్ల తూకం నమ్మను, మళ్లీ తూస్తాను. వెన్న డబ్బా వస్తే మూత తీసి వాసన చూస్తాను, వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంటాను, అప్పటికీ తృప్తి కలగకపోతే తెచ్చినవాడి మొహంలోకి చూస్తాను. బేకరీ నడిపేవాడికి అనుమానం జబ్బు కాదు, పనిముట్టు. నాన్న నాకిచ్చిపోయినవి ఈ కొట్టు, కొట్టు వెనక కట్టెల పొయ్యి, మేడ మీద గదులు, ఈ అనుమానం. అనుమానంలో తమ్ముడికి వాటా రాలేదు. వాడికి ఆకలి వచ్చింది.

వాణ్ణి అసలు పేరుతో ఇంట్లో ఎవరూ పిలవరు. పుట్టినప్పుడే గుండ్రంగా, మెత్తగా, పైన కాస్త నిగనిగలాడుతూ ఉన్నాడని నాన్న బన్ను అన్నాడు, అదే నిలిచిపోయింది. నా కంటే బాగా చిన్నవాడు. బల్ల అందకపోతే ఖాళీ పిండి డబ్బా మీద నిలబెట్టి వాడికి పిసకడం నేర్పింది నేనే. పెరిగేకొద్దీ పేరుకి పూర్తి న్యాయం చేశాడు. వాడు పొయ్యి ముందు నిలబడితే వెనకున్నవాళ్లకి పొయ్యి కనిపించేది కాదు.

మా కొట్టులో నాన్న నాటి నుంచి ఒక పద్ధతి ఉంది. తెల్లవారుతుండగా పొయ్యిలోంచి వచ్చే మొదటి రొట్టె అమ్మకానికి పోదు. కత్తి తగలనివ్వకుండా చేత్తో రెండుగా తుంచి, అన్నదమ్ములిద్దరూ ఉత్త రొట్టె, వేడివేడిగా తినాలి. తిని ఇద్దరూ 'సరే' అనాలి. ఆ మాట పడ్డాకే మిగతా రొట్టెలు అరల్లోకి వెళ్తాయి. నాన్నా బాబాయీ మాటల్లేని రోజుల్లో కూడా చెరో గోడవైపు తిరిగి తమ సగం తిని, గోడకే 'సరే' చెప్పేవారట. మనం తినని రొట్టె జనానికి పెట్టకూడదని నాన్న అనేవాడు.

ఇక నా జబ్బు సంగతి. నా కాలేయం పాడైంది. జీవితంలో మందు చుక్క ముట్టలేదు, అయినా తాగుబోతుకి వచ్చే జబ్బే వచ్చింది. ఇన్నేళ్లు తిన్న రొట్టెలు, రుచి చూసే వంకతో నోట్లో వేసుకున్న బిస్కట్లు, గిన్నె గీకి నాకిన పంచదార పాకం, అన్నీ కాలేయంలో కొవ్వుగా పేరుకుని, చివరికి దాన్ని రాయిలా చేసేశాయట. తాగినా బావుండేది, తాగిన ఆనందమైనా మిగిలేది అన్నాను డాక్టరమ్మతో. ఆవిడ నవ్వలేదు. కొత్త కాలేయం పెట్టకపోతే వచ్చే ఏడాది ఈ రోజులకి నేను ఉండకపోవచ్చని చెప్పింది. బతికున్న మనిషి తన కాలేయంలో దాదాపు సగం ఇస్తే చాలట. ఇచ్చినవాడికి మళ్లీ పెరుగుతుందట. సొంత తమ్ముడైతే కుదిరే అవకాశం ఎక్కువట.

నేను కుర్చీ వెనక్కి తోసి లేచాను. "వాడి కడుపు కోసే మాట ఇంకోసారి ఎత్తితే నేనీ గుమ్మం తొక్కను" అన్నాను. మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. బన్ను నేల చూపులు చూశాడు. నా వాటా నేను తినేశాను, వాడి వాటాలో చెయ్యి పెట్టను. నాకు అంతకంటే లెక్క తెలియదు. ఇంటికొచ్చాక మళ్లీ ఎవరూ ఆ ఊసెత్తలేదు. అంత తేలిగ్గా ఊరుకున్నారేమిటని నాకు ఆ రోజే అనుమానం రావాల్సింది.

అప్పటి నుంచి నేను మేడ మీదే. కాళ్లు వాచిపోయి, మెట్లు దిగితే ఎక్కడం గగనమైంది. కిటికీ పక్కన మంచం. కింద పెరడు, పెరట్లో కట్టెల పేర్పు, ఆ పేర్పు చాటున కాపురముండే ఒక మచ్చల కుక్క. రోజూ తెల్లారుతుండగా బన్ను మొదటి రొట్టె పళ్లెంలో పెట్టుకుని పైకి వస్తాడు. నాకు ఉప్పు తగ్గించమన్నారు కాబట్టి నా సగంలోంచి చిటికెడు ముక్క మాత్రం నాలుక మీద పెట్టుకుంటాను. వాడు తన సగం తింటాడు. ఇద్దరం 'సరే' అంటాం. వాడు మెట్ల మీంచి కిందికి కేకేస్తే, పొయ్యి మామ అరలు నింపుతాడు. పొయ్యి మామంటే నాన్న కాలం నుంచీ పొయ్యి దగ్గరే తల నెరిసిన మనిషి, మాకు చుట్టం కాదు గానీ చుట్టం కంటే ఎక్కువ చనువు.

మొదట నాకు దొరికింది బన్ను గొంతు. రొట్టె నమిలేవాడి గొంతులో గుటక కదలాలి కదా. వాడి దవడ ఆడుతోంది గానీ గొంతు ఆడటం లేదు. భుజం మీది తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు, అదీ కాస్త ఎక్కువసేపే. 'సరే' అన్నాడు, దిగిపోయాడు. కిటికీలోంచి చూస్తే కట్టెల పేర్పు దగ్గర తువ్వాలు దులుపుతున్నాడు. కుక్క తోకాడిస్తోంది.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. కొన్నాళ్లకి కుక్క బలిసింది, మా బన్ను చిక్కాడు.

బేకరీవాడు తన రొట్టె తాను తినడం లేదంటే నాకు తోచిన కారణాలు రెండే. రొట్టెలో తినకూడనిదేదో ఉండాలి, లేదా వాడి మనసు ఈ కొట్టులో లేకపోవాలి. ముందుజాగ్రత్తగా ఆ రోజు నా ముక్క కూడా ఉమ్మేశాను. పొయ్యి మామని పైకి పిలిపించి కూపీ లాగాను.

"పిండి ఎక్కణ్ణించి వస్తోంది మామా?"

"ఎప్పుడూ వచ్చే చోటు నుంచే పెద్దబ్బాయ్. నువ్వు పెట్టిన తంటాలకి భయపడి వాడు ఇప్పుడు బస్తాకి దోసెడు ఎక్కువే పోస్తున్నాడు."

"మరి బన్ను ఏం తింటున్నాడు?"

మామ మొహం వెలిగింది. "అబ్బో, చిన్నబ్బాయికేం, రాజభోగం. మీ ఆవిడ కిందికే పంపిస్తోందిగా. వెన్నలో వేయించిన గుడ్లు. చేపముక్కలు. ఆకుకూరలు ఇంతెత్తున. వాసనకే నా కడుపు నిండుతోంది. రొట్టె మాత్రం ముట్టడు. బంగాళాదుంప కనిపిస్తే పాముని చూసినట్టు చూస్తాడు. టీలో పంచదార కూడా మానేశాడు."

నాకు ఒళ్లు మండింది. కట్టుకున్న మొగుడికి చప్పిడి కూరా, పల్చటి సూపూ. మరిదికి వెన్నలో వేయించిన గుడ్లా! కోడిగుడ్డు మీద ఈకలు పీకే మనిషినని మా ఆవిడ నన్ను ఎప్పుడూ అంటుంది. ఈసారి ఆ గుడ్లే నా కంటబడ్డాయి.

ఆ తర్వాత వాసన మొదలైంది. ఒక పొద్దున వాడు వంగి నా వీపు కింద దిండు సర్దుతుంటే వాడి ఊపిరి నా మొహానికి తగిలింది. మగ్గిపోయిన పండుని రేకు డబ్బాలో పెట్టి మూత తీసినట్టు తియ్యగా, ఘాటుగా ఉంది. ఎక్కడో పీల్చిన వాసనే. వాడు వెళ్లిపోయిన చాలాసేపటికి గుర్తొచ్చింది. ఆడవాళ్లు గోళ్ల రంగు తుడుచుకునే మందు వాసన.

"ఏం తాగుతున్నావురా?" అని అడిగాను మర్నాడు.

"నీళ్లే అన్నయ్యా. తెగ దాహమేస్తోంది ఈమధ్య" అన్నాడు, మొహం పక్కకి తిప్పి.

ఊపిరి నాకు తగలకుండా తిప్పాడని నాకు తెలుసు. ఆ మధ్యాహ్నం మా ఆవిడ మందులు ఇవ్వడానికి వచ్చినప్పుడు చెయ్యి పట్టుకుని గోళ్లు చూశాను. ఆవిడ ఎన్నాళ్లకో చెయ్యి పట్టుకున్నానని మెత్తబడి, మంచం అంచున కూర్చుంది. గోళ్లకి రంగు లేదు. అంటే తుడిచేసిందన్నమాట. చెయ్యి వదిలేశాను. ఆవిడ కాసేపు అలాగే కూర్చుని లేచి వెళ్లిపోయింది.

ఇక దాపరికం ఏముంది, నాకు కనిపించినవన్నీ చెబుతాను. బన్ను బెల్టుకి మేకుతో కొత్త రంధ్రాలు పొడుచుకున్నాడు. సాయంత్రం కొట్టు సద్దుమణిగాక బూట్లు కట్టుకుని ఎక్కడికో వేగంగా నడిచి వెళ్తున్నాడు. కేకులు పెట్టే అద్దాల బీరువాలో పక్కకి తిరిగి పొట్ట చూసుకుంటున్నాడని మామ నవ్వుతూ చెప్పాడు, నేను నవ్వలేదు. ఒకరోజు వాడు పంటి డాక్టరు దగ్గరికని వెళ్లాడు, అదే పూట ఆవిడ చెప్పులు కుట్టించుకోవాలని వెళ్లింది. ఇద్దరూ కాస్త ఎడంగా తిరిగొచ్చారు. ఆవిడ చెప్పుకి తెగిన పట్టీ తెగినట్టే ఉంది.

వంటగదిలో గుసగుసలు. నేను గోడ పట్టుకుని నడవలోకి వచ్చి చెవులు రిక్కించాను.

"ఇంకొన్నాళ్లు ఓర్చుకో బన్నూ. తర్వాత నీ ఇష్టం, ఏం కావాలంటే అది" అంటోంది ఆవిడ.

"ఓర్చుకుంటాను గానీ వదినా, అన్నయ్యకి తెలిస్తే చంపేస్తాడు."

"తెలియాల్సిన రోజున నేనే చెబుతాను. అప్పటిదాకా నువ్వు నోరు మెదపకు."

గోడ పట్టుకునే గదిలోకి వచ్చి పడుకున్నాను. చావంటే భయం నాకు డాక్టరమ్మ చెప్పిన రోజు నుంచీ ఉంది, దానికి అలవాటు పడ్డాను కూడా. నేను పోవడం కోసం నా ఇంట్లోనే ఎదురుచూస్తున్నారన్న భయం వేరు. దానికి అలవాటు పడటం కుదరలేదు. ఆ పిండి డబ్బా మీద నిలబడి, ముక్కుకి పిండి అంటించుకుని, "అన్నయ్యా, సరిగ్గా పిసికానా?" అని అడిగిన పిల్లవాడే కళ్లముందు మెదిలాడు. వాడేనా?

ఇక చివరిది. మేడ మీద మా అందరికీ ఒకటే బాత్రూము. అక్కడి చెత్తబుట్టలో, కాగితం కింద దాచినట్టుగా, కొన్ని సన్నటి పుల్లలు కనిపించాయి. కొసన చిన్న అట్టముక్క. కొన్నింటికి ఆ ముక్క లేత గులాబీ రంగు, కొన్నింటికి ముదురు ఊదా.

మాకు పిల్లల్లేరు. ఒకప్పుడు కడుపు పండిందో లేదో చూసే ఇలాంటి పుల్లలు మా ఇంట్లోకీ వచ్చేవి. ఆవిడ బాత్రూములోంచి వచ్చేదాకా నేను బయట నిలబడేవాణ్ణి. ఆవిడ తల అడ్డంగా ఊపేది. అవి గీతలు చూపించేవి, ఇవి రంగులు చూపిస్తున్నాయి. కాలం మారింది కదా, రంగులు వచ్చాయేమో అనుకున్నాను. నాకు ఒంట్లో బాగాలేక ఏడాది దాటింది. లెక్క వేసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

ఆ పుల్లలు మళ్లీ కాగితం కిందే పెట్టేశాను. ఎవరినీ ఏమీ అడగలేదు. అడిగితే అబద్ధం చెబుతారు. సరుకులో తేడా ఉందని అనుమానం వస్తే తెచ్చినవాడితో వాదించకూడదు, వాడి చేతే తినిపించాలి. నేను మా నాన్న కొడుకుని.

మర్నాడు తెల్లవారుతుండగా, బన్ను పైకి రాకముందే, నేనే కిందికి దిగాను. మెట్టు మెట్టుకీ ఆగి దిగాను. పొయ్యిగదిలో వేడి మొహానికి కొట్టింది. మామ పొడవాటి చెక్కపారతో రొట్టెలు బయటికి లాగుతున్నాడు. బన్ను ట్రేలు సర్దుతున్నాడు. చొక్కా వాడి ఒంటి మీద వేలాడుతోంది. నన్ను చూసి ఇద్దరూ నిలబడిపోయారు.

"అన్నయ్యా! పిలిస్తే నేనే వచ్చేవాణ్ణి కదా!"

"మొదటి రొట్టె ఏది?"

మామ పళ్లెం చూపించాడు. నేనే తీసుకున్నాను. సరిగ్గా మధ్యకి తుంచాను. ఆవిరి లేచింది. నా సగం పళ్లెంలో పెట్టేసి, వాడి సగం వాడి చేతికిచ్చాను.

"తిను. ఆ తువ్వాలు అక్కడ పెట్టి, నా మొహం చూస్తూ తిను."

వాడి మొహం పాలిపోయింది. రొట్టెని చూశాడు, నన్ను చూశాడు.

"ఏరా, విషం కలిపానా? నా రొట్టె కుక్కకి పెడుతున్నావు, నా ముందు సరే అంటున్నావు. నేనెప్పుడు పోతానా అని కాచుక్కూర్చున్నారు కదూ మీ ఇద్దరూ?"

వాడు రొట్టె నోట్లో పెట్టుకున్నాడు. ఈసారి గొంతు కదిలింది. ఇంకో ముక్క, ఇంకో ముక్క. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, దవడలు మాత్రం ఆగడం లేదు. ఎన్నాళ్ల ఆకలో అది. నేను పళ్లెంలో పెట్టిన సగం కూడా వాడి చేతికిచ్చాను. అదీ తింటున్నాడు.

నా కేకలకి మా ఆవిడ మెట్లు దూకుతున్నట్టు దిగొచ్చింది. "వద్దు బన్నూ, వద్దు! రేపే కదా!" అని వాడి చేతిలోంచి రొట్టె లాక్కుంది.

"వాడు రొట్టె తింటే నీకెందుకే బాధ? రేపేమిటి?" అన్నాను.

ఆవిడ నన్ను చూసిన చూపు ఇంతకు ముందెప్పుడూ చూడలేదు. "రేపు వాడికి స్కానింగు. మీకు వాడి కాలేయం పనికొస్తుందో లేదో రేపు తేలుతుంది. చాలా?"

నేను పిండి బస్తా మీద కూలబడ్డాను.

ఆ తర్వాత ఇద్దరూ ఒకరి మాటలో ఒకరు దూరుతూ చెప్పుకొచ్చారు. నేను కుర్చీ తోసి వచ్చేసిన మర్నాడే వాళ్లు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారట. రక్తం కుదిరింది. కడుపు స్కాను తీస్తే బన్ను కాలేయం నిండా కొవ్వు. అంత కొవ్వున్న కాలేయంలోంచి ముక్క తీయడం ఇద్దరికీ ప్రమాదమని ఆవిడ చెప్పింది. ఇలాగే తింటూ పోతే కొన్నేళ్లకి మీరూ మీ అన్న పక్కన మంచం వేసుకోవాల్సిందేనని కూడా చెప్పింది.

"కొవ్వు కరిగితే ఇవ్వచ్చా అని అడిగా" అన్నాడు బన్ను. "కరిగితే చూద్దామంది. అప్పటి నుంచి డాక్టరమ్మ చెప్పినట్టే తింటున్నా, ఆవిడే కనిపెట్టుకుని చూస్తోంది."

"గుడ్లూ వెన్నా తింటే కొవ్వు కరుగుతుందా? నా చెవిలో పువ్వు పెడుతున్నావా?"

"నాకూ మొదట అలాగే అనిపించింది. మన పొయ్యినే చూడు అన్నయ్యా. చేతికి చితుకులు అందుతున్నంతసేపు పెరట్లో దుంగలు ఎవరైనా మోసుకొస్తారా? ఒంటికి పిండీ పంచదారా చితుకుల్లాంటివి. అవి అందుతుంటే ఒళ్లు వాటినే కాలుస్తుంది, మిగిలితే కొవ్వు చేసి దాస్తుంది. చితుకులు ఆపేశామనుకో, ముందు కాలేయంలో దాచుకున్న కాస్త చక్కెరా ఖర్చవుతుంది. ఆ తర్వాత గత్యంతరం లేక దుంగల మీద పడుతుంది. ఆ కొవ్వుని కాలేయం కీటోన్లని ఇంకోరకం ఇంధనంగా మార్చి ఒళ్లంతటికీ పంపిస్తుందట. చివరికి మెదడు కూడా చాలావరకు దాంతోనే నడుస్తుంది. ఆ మార్పు దొరికేదాకా నాకు తల దిమ్మెక్కిపోయింది. బిస్కట్ల ట్రేలు మాడ్చేసి నీచేత తిట్లు తిన్నానే, అప్పుడే."

"మరి ఆ వాసన?"

"ఆ కీటోన్లలో కొంత అసిటోనుగా మారి ఊపిరిలోంచి పోతుంది. గోళ్ల రంగు తుడిచే మందులో ఉండేదీ అదే."

మా ఆవిడ తల పైకెత్తింది. "ఓహో. అందుకా ఆ రోజు నా గోళ్లు చూశారు?"

నా నోట ఇంకోమాట రాకుండా ఉంటే బావుండేది, వచ్చేసింది. "మరి చెత్తబుట్టలో పుల్లలు?"

"నావే" అన్నాడు బన్ను. "ఒంటేలులో ముంచి చూస్తే కీటోన్లు ఉన్నాయో లేదో చెబుతాయి. ఊదారంగు వస్తే..."

వాడి మాట సగంలోనే ఆగిపోయింది. మా ఆవిడ నావైపే చూస్తోంది. నేనేమనుకున్నానో ఆవిడకి అర్థమైపోయింది. నేను తల దించుకున్నాను.

"మన పెళ్లైన ఇన్నేళ్లలో అలాంటి పుల్ల ఒక్కటంటే ఒక్కటి నాకు మంచిమాట చెప్పుంటే" అంది, గొంతు పెంచకుండానే, "నేను దాన్ని కాగితం కింద దాచేదాన్నా? కొట్టు ముందు నిలబడి వచ్చేపోయే ప్రతివాళ్లకీ చూపించేదాన్ని."

నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడే బయట షట్టరు మీద ఎవరో తట్టారు.

"జనం వచ్చేశారు పెద్దబ్బాయ్" అన్నాడు మామ చెక్కపార గోడకి ఆనించి. "సరే అంటారా, లేదా?"

మొదటి రొట్టె తిన్నవాడు మాట్లాడే స్థితిలో లేడు, నేను తినలేదు. ఎవరూ 'సరే' అనలేదు. మామ గొణుక్కుంటూ వెళ్లి తానే షట్టరు ఎత్తాడు. నాన్న పెట్టిన పద్ధతి తప్పడం నేను పుట్టాక అదే మొదలు.

నేను మాత్రం అప్పటికప్పుడు మంచివాణ్ణయిపోలేదు. సిగ్గు ఎక్కువైతే నాకు కోపం వస్తుంది. "ఎవరడిగారు మిమ్మల్ని? నేను వద్దని చెప్పానా లేదా?" అని అరిచాను. "ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఒప్పుకునేవారా?" అంది ఆవిడ. "ఒప్పుకున్నా, రేపు స్కానులో పనికిరాదని తేలితే? మీకు ఆశపెట్టి లాగేసినట్టు అయ్యేది. తేలాక చెబుదామనుకున్నాం."

ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని నన్ను పైకి తీసుకెళ్లారు. ఆ పూట ఆవిడ మందులు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది, మంచం అంచున కూర్చోలేదు.

సాయంత్రం బన్ను నా గదిలోకి వచ్చాడు. ఊపిరిలో ఆ వాసన లేదు. దాన్ని అన్నాళ్లు తిట్టుకున్నానా, ఇప్పుడు అది లేకపోయేసరికి గుండెలో రాయి పడింది.

"పుల్ల చూశావా?" అన్నాను.

"చూశా. రంగు పోయింది."

"అంతా పోయినట్టేనా? నా ఒక్క రొట్టెతో?"

"మంట ఆరింది, అంతే. చితుకులు దొరికాయిగా. మళ్లీ అంటుకుంటుందిలే" అన్నాడు. "అయినా అన్నయ్యా, రొట్టె మాత్రం ఎంత బావుందో. ఏడుపొచ్చేసింది" అన్నాడు.

నాకు మాత్రం ఆ మాట ఓదార్పు కాలేదు. వాడు అన్నాళ్లు నోరు కట్టుకుని కరిగించినదాన్ని నేను ఒక్క పూటలో తిరిగి వాడి కడుపులోకి కూరేశానన్న బాధ తొలుస్తూనే ఉంది.

మర్నాడు ముగ్గురం కారు మాట్లాడుకుని ఆస్పత్రికి వెళ్లాం. బన్ను స్కాను గదిలోకి వెళ్లాడు. మేమిద్దరం నడవలో బెంచీ మీద కూర్చున్నాం. ఆవిడ నాకూ తనకూ మధ్య చేతిసంచి పెట్టుకుంది. చాలాసేపటికి నేనే ఆ సంచి తీసి నా ఒళ్లో పెట్టుకున్నాను. ఆవిడ దగ్గరికి జరగలేదు, అలాగని దూరంగానూ పోలేదు.

"నా బుద్ధి మంచిది కాదు" అన్నాను.

"ఆ సంగతి పెళ్లిలోనే తెలిసింది. మా నాన్న పెట్టిన ఉంగరం కొరికి చూశారు" అంది. ఆ మాట అన్నాక కాస్త నా వైపు వాలింది.

డాక్టరమ్మ మమ్మల్ని లోపలికి పిలిచింది. బన్ను ముందే వచ్చి కూర్చున్నాడు. ఆవిడ పాత స్కానూ కొత్త స్కానూ పక్కపక్కన పెట్టి చూపించింది. కొవ్వు చాలావరకు పోయిందట. ఇవ్వడానికి పనికొస్తుందట.

"నిన్న వీడు రొట్టె దాదాపు మొత్తం తిన్నాడు" అని బయటపడ్డాను. "నేనే తినిపించాను."

"ఒక్క రొట్టెకి మళ్లీ కొవ్వు పేరుకోదు" అందామె. ఆవిడ నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. "కానీ తమ్ముడు ఇస్తానంటే సరిపోదు. తీసుకునే మనిషి మీరు. మీరు ఒప్పుకోవాలి."

ముగ్గురూ నన్నే చూస్తున్నారు. నా నాలుక చివర 'వద్దు' సిద్ధంగా ఉంది. ఇన్నాళ్లూ అది అక్కడే కూర్చునుంది.

"వాడికేమైనా అయితే?" అన్నాను.

"ప్రమాదం తక్కువ" అంది డాక్టరమ్మ. "అసలే లేదని మాత్రం చెప్పను. ఇచ్చినవాళ్లలో కొందరికి ఇబ్బందులు వచ్చాయి, ప్రాణం మీదికి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఆ సంగతి ఈయనకి కూడా చెప్పాను."

ఏమీ కాదు, భయం లేదు అని ఉంటే నేను నమ్మేవాణ్ణి కాదు, లేచి వచ్చేసేవాణ్ణి. సరుకులో లోపం తానే చూపించిన మనిషిని నేనెన్నడూ అనుమానించలేదు. బన్ను వైపు తిరిగాను.

"ఇంత తెలిసీ ఇస్తానంటున్నావా?"

"అన్నయ్యా" అన్నాడు వాడు. "ఊహ తెలిసినప్పటి నుంచీ రోజూ రొట్టె సగం తుంచి నా చేతిలో పెట్టావు. నేను ఒక్కరోజైనా వద్దన్నానా?"

"ఈమధ్య కుక్కకి పెట్టావుగా" అన్నాను.

"తీసుకున్నాక కదా పెట్టింది! నువ్వు ఇస్తుంటే చెయ్యి చాపానా లేదా? నువ్వూ అలాగే చెయ్యి చాపు. ఇప్పుడు తుంచి ఇచ్చేది నేను."

మా ఆవిడ కొంగుతో మూతి మూసుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. నేను వాడి మొహంలోకి చూశాను, వెన్న డబ్బా తెచ్చినవాడి మొహంలోకి చూసినట్టే చూశాను. బుగ్గలు పోయాయి. నాన్న దవడ ఎముక ఇన్నాళ్లకి బయటపడింది. పెదవులు నవ్వుతున్నాయి గానీ గొంతులో గుటక కదిలింది. వాడికి భయంగా ఉంది. భయంగా ఉండీ నా మొహం మీంచి చూపు తిప్పలేదు.

"సరే" అన్నాను.

డాక్టరమ్మ కాగితాల కోసం సొరుగు లాగింది. నేను చెయ్యెత్తి ఆపాను. "ఆగండి. మా ఇంట్లో ఇద్దరూ అనాలి."

బన్ను ఊపిరి పీల్చుకున్నాడు. "సరే" అన్నాడు.